మా అక్క అంగడిలో కవరుకు రెండు రూపాయలు

నంద్యాలలో మా ఇంటి దగ్గరి సూపర్ మార్కెట్ వాళ్లు కవరుకు రెండు రూపాయలు అడగడం మొదలుపెట్టిన రోజు నేను అక్కడ పెద్ద గొడవే చేశాను. డబ్బు పోతుందని కాదు. ఆ కవరు మీద వాళ్ల అంగడి పేరు జానెడు అక్షరాలతో అచ్చయి ఉంది. వాళ్ల ప్రకటనను నేను వీధి పొడుగునా మోసుకుపోవాలి, మోసినందుకు మళ్లీ వాళ్లకే నేను డబ్బివ్వాలి. ఇదెక్కడి న్యాయమని బిల్లు కొట్టే అమ్మాయిని అడిగాను. "రూల్ మేడమ్" అంది. ఎవరి రూలని అడిగాను. "పైనుంచి వచ్చింది మేడమ్" అంది. పైకి చూశాను, ఫ్యాన్ తిరుగుతోంది. నీ కవరూ వద్దు, నీ రూలూ వద్దని సబ్బులు, గోధుమపిండి, ఉప్పు ప్యాకెట్టు, డజను గుడ్లు కొంగులో మూటగట్టుకుని బయటికి నడిచాను. స్కూటరు మీద కూర్చున్న మా ఆయన నన్ను చూసి, ఎవరో తెలియనట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఇల్లు చేరేసరికి గుడ్లు సగమే మిగిలాయి. చీర నానబెట్టుకుంటూ కూడా గెలిచింది నేనే అనుకున్నాను.

ఆ వానాకాలంలోనే ఆళ్లగడ్డ నుంచి మా అక్క ఫోన్ చేసింది. అంగడిలోకి నీళ్లు వచ్చాయని చెప్పింది.

మా అక్క నాకంటే పదేళ్లు పెద్దది. ముందు గదిలో కిరాణా అంగడి, వెనక గదిలో కాపురం. మా బావ పోయాక పిల్లాజెల్లా లేని మనిషి, ఆ అంగడే పట్టుకుని ఒక్కతే ఉంటోంది. బావ ఉన్నప్పుడు ఆ అంగడికి రెండు మెట్లు ఎక్కి పోయేవాళ్లం. ఇప్పుడు ఒక మెట్టు దిగి పోతాం. అంగడి ఏమీ కుంగలేదు, రోడ్డే లేచింది. ఎన్నికల్లో ఒక్కొక్కరు గెలిచి వచ్చినప్పుడల్లా పాత సిమెంటు తవ్వకుండా దాని మీదే కొత్త సిమెంటు పోసి, కొబ్బరికాయ కొట్టి పోతారు. మా అక్క ఉన్న వైపు పల్లం. వాన పడితే వీధి నీళ్లన్నీ ఆమె గుమ్మం ముందున్న కాలువలోకే రావాలి.

నేను మరుసటి రోజు బడికి సెలవు పెట్టి బస్సెక్కాను. బండి ఆత్మకూరు దగ్గర ఒక పల్లెలో టీచరుని నేను, సెలవు దొరకడం అంత సులువేం కాదు. పోయేసరికి బియ్యం మూటల అడుగులు తడిసి ఉబ్బి ఉన్నాయి. చక్కెర మూట గురించి చెప్పక్కర్లేదు. బయట ఇద్దరు మనుషులు ఇనుప కొక్కేలతో కాలువలోంచి కవర్లు లాగుతున్నారు. ఎంత లాగినా వస్తూనే ఉన్నాయి. మా అక్క గుమ్మంలో నిలబడి వాటినే చూస్తోంది. అవి సన్నటి గులాబీ రంగు కవర్లు, వాటికి తెల్ల గీత. ఆ వీధిలో ఆ రకం వాడేది ఆమె ఒక్కతే.

"నా కవర్లే మే" అంది. "నేను ఊరికే ఇచ్చినవే. మళ్ల నా ఇంట్లోకే వచ్చినాయి సూడు."

"అంగడి మూసెయ్యి అక్కా" అన్నాను. "నంద్యాలకు రా. మాకు ఒక గది ఊరికే పడి ఉంది. ఎవరడుగుతారు నిన్ను? తిని కూర్చో."

ఆ మాట నేను మొదటిసారి అన్నది కాదు. బావ పోయినప్పటి నుంచి అంటూనే ఉన్నాను. ఆమె ఎప్పుడూ ఏదో ఒక వంక చెబుతుంది. బర్రె ఉందని ఒకసారి, దాన్ని అమ్మేశాక మోకాళ్లు నొప్పులని, మేడ మెట్లు ఎక్కలేనని. మాది మేడ కాదు. ఈసారి మాత్రం వంక చెప్పలేదు. "ఇంగొకసారి నీళ్లొస్తే అంగడి ఉండదు మే, అంత సరుకు మళ్ల పెట్టల్యాను. అప్పుడు సూద్దాం" అంది. తర్వాత తడిసిన అట్టపెట్టె ఒకటి చించి, దాని మీద బొగ్గుతో రాయడం మొదలుపెట్టింది. కవరు కావాలంటే రెండు రూపాయలు. సంచి తెచ్చుకుంటే ఏమీ లేదు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నంద్యాలలో ఏ రెండు రూపాయల కోసం గుడ్లు పగలగొట్టుకున్నానో, ఆ రెండు రూపాయలే మా అక్క అంగడికి వచ్చి కూర్చున్నాయి. పైగా ప్రతి ఆదివారం నేను ఆళ్లగడ్డకు పోతాను, ఇద్దరం అక్కడి చర్చి నుంచి వచ్చాక మా అక్క వంట చేసుకునేంతసేపు గల్లాపెట్టె దగ్గర కూర్చునేది నేనే. వసూలు చేయాల్సింది నేనే.

జనం నన్ను ఉతికి ఆరేశారు. "ఏందమ్మా, కవర్లు గూడా అమ్ముకుంటాండారా? ఇంగ అంగడి ముందర నిలబడినందుకు ఎంత?" అని ఒకాయన. "అర కేజీ చక్కెర సేతుల్లో పోసుకపోవాల్నా?" అని ఇంకొకాయన. ఒక ముసలాయన ఏమీ అనకుండా తలకున్న తువ్వాలు విప్పి, దాన్లో ఉప్పు, మిరపకాయలు, బెల్లం విడివిడిగా ముడులు వేసుకుని, నన్ను ఒక చూపు చూసి పోయాడు. ఆ చూపు కంటే తిట్టి ఉంటే బాగుండేది. "ఎవరు పెట్టినారమ్మా ఈ రూలు?" అని అడిగితే ఏం చెప్పను? "మా అక్క పెట్టిందప్పా" అన్నాను. వాళ్లు అన్న ప్రతి మాటా నేను నంద్యాలలో అన్నదే. నా మాటలు నాకే అప్పజెబుతుంటే వినడం ఎంత చిరాకో, వింటేగానీ తెలియదు.

ఇళ్లల్లో కవర్లు లేక అడుగుతున్నారా అంటే, అదీ కాదు. ఏ ఇంటికైనా పోయి చూడండి, వంటింటి తలుపు వెనక మేకుకు ఒక పెద్ద కవరు వేలాడుతుంటుంది. దాని నిండా కవర్లు. ఒక్కటి తీసి జేబులో పెట్టుకుని రావడానికి మాత్రం ఎవరికీ చేతకాదు. అంగడికి చేతులూపుకుంటూ రావడం ఒక దర్జా అయిపోయింది.

ఎదురుగా ఇంకో అంగడి ఉంది. రోడ్డుకు ఆ పక్క, మిట్ట వైపు. వాన నీళ్లు వాళ్లని తాకవు. ఆయన అడగకముందే రెండు కవర్లు ఇస్తాడు, ఒకటి చినుగుతుందేమోనని. నెల తిరిగేసరికి మా అక్క దగ్గరి జనంలో చాలామంది అటు నడిచారు. ఒకరోజు ఉండబట్టలేక రోడ్డు దాటి ఆయన దగ్గరికే పోయాను.

"అన్నా, నువ్వు గూడా కవరుకు దుడ్లు అడగరాదా? ఇద్దరూ అడిగితే ఎవరికీ నష్టముండదు గదా" అన్నాను.

ఆయనకు కోపమేమీ రాలేదు. నిజం చెప్పాడు. "నేను అడిగితే వీళ్లంతా మళ్ల మీ అక్కకాడికే పోతారు గదమ్మా. ఆయమ్మ అడగబట్టే గదా నాకాడికి వస్తాండారు."

"కాలవ నిండిపోతాంది గదా?"

"కాలవ మీ పక్క ఉండాది" అన్నాడు.

వట్టి చేతులతో వెనక్కి రావడం బాగుండదని ఒక అగ్గిపెట్టె అడిగాను. దాన్ని కవరులో వేసి ఇచ్చాడు. అగ్గిపెట్టెకు కవరు! వద్దంటే వినలేదు. "ఉండనీమ్మా, ఊరికేనే" అన్నాడు.

ఆ రోజు తిరుగు బస్సులో సిరివెళ్ల దాటేవరకూ నాకు ఒంటి మీద తెలివి లేదు. ఆ రెండు రూపాయలు వీధిలో అందరూ అడిగితే ఎవరికీ బరువు కాదు, అడిగేది మా అక్క ఒక్కతే అయ్యేసరికి ఆమెకు మాత్రమే శిక్ష పడుతోంది. తప్పదని గట్టిగా చెప్పాల్సిన మున్సిపాలిటీ వాళ్లు వానకు ముందొకసారి వస్తారు, నాలుగు కట్టల కవర్లు జప్తు చేసి ఫోటో దిగుతారు, పోతారు. మళ్లీ మరుసటి రోజే కొత్త కట్టలు దిగుతాయి. నేను సూపర్ మార్కెట్లో చేసిన గొడవ ఇక్కడ, ఈ వీధి మధ్యలో, ఇంకో రకంగా చేయాల్సింది అనిపించింది.

మా అక్క గొడవలు పెట్టుకునే మనిషి కాదు. ఆమె ఇంకో దారి పట్టింది. పెట్టెలోంచి తన పాత చీరలన్నీ బయటికి తీసి, కత్తిరించి, మిషను మీద సంచులు కుట్టింది. బావ కొనిపెట్టిన పసుపు చీర కూడా వదల్లేదు. కవరుకు దుడ్లు ఇవ్వలేని వాళ్లకు సంచి ఇచ్చేది. "తీస్కపో. మళ్ల వచ్చేటప్పుడు తెచ్చియ్యి. ఊరికేలే" అనేది. మొదటి వారం అన్ని సంచులూ పోయాయి. రెండో వారం తిరిగి రావడం మొదలుపెట్టాయి.

అక్కడే వచ్చింది తంటా. మా వైపు ఒకరి ఇంటి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వం. పక్కింటి వాళ్లు గిన్నెలో కూర పంపితే, ఆ గిన్నె తిరిగి పోయేటప్పుడు అందులో ఏదో ఒకటి ఉండాలి. ఏమీ లేకపోతే చారెడు చక్కెరైనా వేస్తాం. సంచికి కూడా అదే మర్యాద వర్తిస్తుందని మా అక్కకూ తోచలేదు, నాకూ తోచలేదు. వచ్చిన ప్రతి సంచిలోనూ ఏదో ఒకటి ఉంది. గోంగూర, మునగాకు, పచ్చి అలసందలు, నాలుగు నిమ్మకాయలు. సంజామలలో చేను ఉన్నాయన శనక్కాయలు సంచి నిండా పోసి తెచ్చాడు. ఆయన కొన్నది పావు కేజీ చింతపండు. నల్లమల పక్క నుంచి వచ్చే ఒకామె సీతాఫలాలు తెచ్చింది, సంచి మోయలేక మోసింది.

మా అక్క ముఖం వెలిగిపోయింది. నాకు తల తిరిగింది. ఆదివారం పోతే గల్లాపెట్టె దగ్గర కాదు, గోంగూర ముందు కూర్చోవాల్సి వచ్చేది. వలిచి, కడిగి, మళ్లీ వచ్చిన వాళ్లకే పంచేది మా అక్క. ఆ పంచింది వాళ్లు ఉంచుకుంటారా? ఉంచుకోరు. ఇంకొకటేదో తెస్తారు. "ఇది కిరాణా అంగడా, ఆకుకూరల సంతా అక్కా?" అని అరిచాను. "అరవాకు మే. ప్రేమతో తెస్తాండారు" అంది.

ఆ ప్రేమ రెండు నెలలు కూడా నడవలేదు. సంచులు తగ్గిపోయాయి. సంచులతో పాటు మనుషులూ తగ్గిపోయారు. గోంగూర లేదు, శనక్కాయలూ లేవు, కొనేవాళ్లూ లేరు. బిస్కెట్లు డబ్బాల్లో మెత్తబడ్డాయి. ఒక ఆదివారమంతా కూర్చుంటే వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చీరలు చించి కుట్టి ఊరికే ఇస్తే, ఆ సంచులు దాచుకుని ఎదురంగడికి పోతారా అని నాకు మండిపోయింది. మా అక్క ఖాళీ అంగడిలో కూర్చుని త్రాసు పళ్లాలు తుడిచేది. అవి తళతళలాడుతున్నాయి, అయినా తుడిచేది. ఆమెను అలా చూడలేక మళ్లీ మొదలుపెట్టాను. "మూసెయ్యి అక్కా. నీళ్లొచ్చే దాకా ఏమిటికి? వచ్చెయ్యి." ఆమె వినిపించనట్టు లోపలికి పోయింది.

అప్పుడే ఒకామె ఎదురంగడి మెట్లు దిగడం చూశాను. మా అక్క దగ్గర ఎన్నో ఏళ్లుగా సరుకు కొనే మనిషి. కూలి పని చేసుకుంటుంది, మా చర్చికే వస్తుంది. రెండు చేతుల్లో రెండు కవర్లు. మా అంగడి వైపు చూడకుండా కొంగు ముఖానికి అడ్డం లాక్కుని గబగబా నడిచిపోయింది. పసుపు చీర సంచి తీసుకుపోయింది ఈమేనని నాకు బాగా గుర్తుంది.

ఆ తర్వాతి ఆదివారం ఆరాధన అయిపోయాక చర్చి గేటు దగ్గర ఆమెను పట్టుకున్నాను. కానుకల బల్ల దగ్గర ఆమె బియ్యం పోసి వస్తోంది. రోజూ ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు పక్కన పెట్టి, ఆదివారం తెచ్చి ఇవ్వడం మా ఆడవాళ్లకు అలవాటు.

"మా అక్క సంచి యాడమ్మా?" అన్నాను. గొంతు పెద్దదిగానే వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు.

"ఇంట్లోనే ఉండాది టీచరమ్మా. ఉతికి మడిచి పెట్టె మీద పెట్టినా."

"మరి తెచ్చియ్యల్యాదే?"

ఆమె నేల చూసింది. "ఖాళీ సంచి ఎట్ల తెచ్చియ్యాల?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమే చెప్పింది. "మొదట రెండుసార్లు మునగాకు ఏసిచ్చినా. తీగలకు తగులుతాందని కరెంటోళ్లు మా సెట్టు కొట్టేసినారు. పనులు గూడా ల్యావు. ఏమేసియ్యాల టీచరమ్మా? మీ అక్కేమో ఊరికే తీస్కపో అంటది. ఊరికే తెచ్చుకున్నది ఊరికే ఎట్ల ఇస్తాం? సిగ్గయి అంగడికే రాల్యా."

"దేవునికి పిడికెడు బియ్యం తెచ్చినావ్ గదా?"

"దేవునికి పిడికెడు సాలు. మీ అక్క సేతిలో పిడికెడు ఏం పెట్టాల?"

"మరి ఆ ఎదురంగడికి పోతాండావే?"

"ఆయప్ప కవర్ ఇస్తాడు. మళ్ల అడగడు. మనమిచ్చేది ల్యా. పారేస్తే అయిపాయ." మెల్లగా అంది. "నేనొక్కదాన్నే కాదు టీచరమ్మా. మా వీధిలో శానామంది అట్లనే ఉండారు."

చర్చి నుంచి అంగడి దాకా కోపంతో నడిచాను. కవరు రెండు రూపాయలంటే పిసినారులు అన్నాను వీళ్లని. సంచి తిరిగి రాకపోతే దొంగలు అనుకున్నాను. తీరా చూస్తే మునగాకు లేక రాలేదు! ఇంతమంది ఇళ్లల్లో ఉతికి మడిచిన సంచులున్నాయి, ఇంతమందికి మా అక్క ముఖం చూడటానికి మొహం చెల్లడం లేదు, ఆ సిగ్గంతా చివరికి ఎదురంగడి కవర్లయి కాలువలో పడుతోంది. ఊరికే ఇచ్చి మనుషుల్ని ఇంత దూరం తరిమేయొచ్చని నాకు తెలియదు.

మా అక్కకు అంతా చెప్పాను. చక్కెర పొట్లం కడుతున్న చెయ్యి ఆగిపోయింది.

"సంచికి వెల పెట్టు" అన్నాను. "ఐదు రూపాయలు. కొనుక్కుంటే వాళ్లదే. మళ్లీ తెచ్చివ్వాల్సిన పని లేదు, మునగాకు వెతుక్కునే పనీ లేదు."

"పాత సీర గుడ్డకు దుడ్లు అడిగేకి నాకు నోరు రాదు మే."

"నీకు రాకపోతే నేనడుగుతా" అని ఆ అట్ట వెనక్కి తిప్పి, ఎదురంగడిలో కొన్న అగ్గిపుల్లతోనైనా రాసేదాన్నే, ఇంతలో సుద్దముక్క దొరికింది. సంచి ఐదు రూపాయలు. తిరిగి ఇవ్వనక్కర్లేదు. ఇప్పటికే తీసుకుపోయిన వాళ్లు కూడా ఐదు రూపాయలిస్తే సంచి వాళ్లదే. వీధి చివరకు కనిపించేలా పెద్ద అక్షరాలతో రాసి గుమ్మానికి వేలాడదీశాను. పసుపు సంచి తీసుకుపోయినామెకు ఫోన్ లేదు. పక్కింటామెతో కబురు పంపాను.

ఆ మరుసటి ఆదివారం ఆమె వచ్చింది. పసుపు సంచి చేతిలో మడిచి పట్టుకుని, మెట్టు దిగి, ఏమీ అడగకముందే ఐదు రూపాయల బిళ్ల బల్ల మీద పెట్టింది.

"ఇంగ ఇది నాదే గదమ్మా?"

"నీదే" అంది మా అక్క.

"మళ్ల ఇచ్చేది ల్యా?"

"ల్యా."

ఆమె సంచి దులిపి విప్పి బల్ల మీదకు జరిపింది. గొంతు పాత గొంతయింది. "అట్లయితే అర కేజీ కందిబ్యాళ్లు ఇయ్యి. రాళ్లు ల్యాకుండ సూసియ్యి. పోయినసారి నీకాడ కొన్న దాన్లో శానా రాళ్లు. బేగా ఇయ్యి, పొయ్యి మీద ఎసరు పెట్టొచ్చినా."

"రాళ్లా? నా బ్యాళ్లల్లోనా?" అని మా అక్క లేచింది. ఇద్దరూ రాళ్ల గురించి తెగ వాదించుకున్నారు. అన్ని నెలల తర్వాత మా అక్క గొంతు వీధిలోకి వినిపించడం అదే. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆ రోజు ఇంకో ముగ్గురు వచ్చారు. తర్వాతి వారం మరికొందరు. అందరూ రాలేదు, ఎదురాయన ఇంకా అగ్గిపెట్టెకు కవరు ఇస్తూనే ఉన్నాడు, కాలువ ఇంకా మా పక్కనే ఉంది. అంగడి నిలబడిందని చెప్పలేను, పడిపోలేదని మాత్రం చెప్పగలను. ఇదంతా రాబోయే వానలకు ఆగుతుందో లేదో ఎవరికి తెలుసు? సాయంత్రం బస్సుకు బయల్దేరుతూ అలవాటు కొద్దీ మళ్లీ అదే మాట అన్నాను.

"ఈసారి నీళ్లొస్తే మాత్రం ఒక్క దినం గూడా ఆగొద్దక్కా. వచ్చెయ్యి. గది ఖాళీగా ఉంది, ఊరికే ఉండొచ్చు."

మా అక్క త్రాసు పళ్లాలు బోర్లిస్తూ నా వైపు చూడకుండానే అంది. "ఊరికే ఊరికే అంటాండావ్ గదా మే. అందుకే రాల్యాక పోతాండా."

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. బస్సు పోతుందని ఆమే నన్ను కసిరి పంపింది. ఊరందరికీ కనిపించేలా సంచికి ఐదు రూపాయలని రాసిన దాన్ని, నా తోడబుట్టిన దానితో "వచ్చి ఉండు, అద్దె ఇయ్యి" అనే ఒక్క మాట ఇంతవరకూ అనలేకపోయాను. ప్రతి ఆదివారం అనాలనే పోతాను, నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. వానలు మొదలయ్యేలోపల అనాలి.